మూడో బోను కుందేలు

కడప,
మార్చి 12.

తాతా,

నమస్కారం. ఫోన్ చేస్తే నువ్వు "ఊ", "సరేమ్మా" అని రెండు మాటలకు మించి మాట్లాడవు. అందుకే ఈ జాబు. నిన్న కోసిగి నుంచి మద్దమ్మవ్వ మాట్లాడింది. "మా తమ్మునికి నోరు లేదు గానీ చెయ్యి ఉండాది. ఐదో తరగతి దాకా సదివినాడు. నువ్వు రాస్తే వాడు రాస్తాడు" అనింది. నీ అక్క మాట నిలబెట్టు.

సంగతి ఏమంటే, నువ్వు పనిచేసే కుందేళ్ల షెడ్డుకు మా మేడం ఆర్డరు పంపింది. మూడో బోను, నాలుగో బోను కుందేళ్లు ఇకనుంచి నావి. వాటికి సూదితో ఎక్కించే మందు నేను ఇక్కడ యూనివర్సిటీలో తయారుచేసిన ఒక ప్రొటీన్ ముక్క.

ఎందుకో చెప్తాను. గొర్రె ఒంట్లోకి వైరస్ దూరితే దాన్ని మొదట కనిపెట్టే కాపలా ప్రొటీన్లు కణం లోపల ఉంటాయి. అవి కనిపెట్టిన కబురు అందుకొని ముందుకు చేర్చే మధ్యవర్తి ఇంకొకటి ఉంటుంది. దాని పేరు మావ్స్. అది కబురు చేరిస్తేనే ఒళ్లు తిరగబడుతుంది. నీ మందలో మూతులు వాచి, నాలుకలు నీలమై, నలభై గొర్రెలు పోయిన ఏడు నేను రెండో తరగతి. ఆ జబ్బులో ఈ మధ్యవర్తి ఏమవుతుందో చూడటమే నా పరిశోధన.

చూడాలంటే దాన్ని మాత్రమే పట్టుకొని, వేరేదాన్ని ముట్టని యాంటీబాడీ కావాలి. మనుషులకు, ఎలుకలకు సరిపోయేవి కొనుక్కోవచ్చు. అవి గొర్రె ప్రొటీన్ను పట్టలేదు. మూడు రకాలు తెప్పించి చూశాను. అందుకే కుందేలు రక్తంలో కొత్తగా చేయించుకుంటున్నాం. ఇది కుదిరితేనే నా పీహెచ్‌డీ, తాతా. నాలుగేళ్లుగా చేసిందంతా దీని కోసమే ఆగి ఉంది.

రెండింటినీ కొంచెం చూసుకో.

నీ మనవరాలు,
శశికళ

*

కర్నూలు,
మార్చి 21.

చి. శశికళకు తాత రామలింగప్ప రాసేది.

జాబు అందింది. రెండుసార్లు సదివినా. సగం తెలిసింది. మంద కాడ కుక్క మొరిగితే సాలదు. ఎవరో ఒకరు పండుకున్నోళ్లను తట్టి లేపాల. ఆ లేపేవాడు నీ మావ్స్. అంతేనా. తప్పయితే రాయి.

నీవి రెండూ చూసినా. తెల్లవి. ఈడ అన్నీ తెల్లవే. మూడో బోనుదానికి ఎడమ చెవి కొస గోరంత మడిగి ఉండాది. తిండి ముందర పెడితే మొదట నా చెయ్యి వాసన చూసి తర్వాత తింటాది. నాలుగోది మూలకు మొగం పెట్టి కూకుంటాది. అది నా మాదిరి.

సూది వేసేది నాగజ్యోతి అనే పాప. చెయ్యి నెమ్మది. కుందేలు అదరదు. ఏ కుందేలు ఏదో మరిచిపోకుండా పెన్నుతో చెవి మీద అంకె రాస్తాది.

గొర్రెలు పోయినంక శానా ఏండ్లు నా చేతులకు పని లేదు. ఈడ ముట్టుకునేదానికి జీవాలుండాయి. నేను బాగుండా.

రామలింగప్ప

*

కర్నూలు,
మే 9.

శశికళకు,

ఎండ ఎట్లుండాదో ఆడ నీకూ తెలుస్తాది. షెడ్డులో రెండు కూలర్లలో ఒకటి కాలిపోయింది. ఉమామహేశ్వర సారుకు చెప్పినా. ఆయనే ఈడ అంతటికీ పెద్ద. కొత్తది తెప్పిస్తామని చెప్పినాడు. ఇంగా రాలే.

పై వరుసకు రేకుల సెగ కొడుతుండాది. నీవి పై వరుసలో ఉండె. దిగులు పడొద్దు. కింద వరుసలో సల్లగుండే సోట పెట్టినా. చెవులు పూటకు మూడుసార్లు తడిగుడ్డతో తుడుస్తాండా. కుందేలుకు సెగ చెవుల నుంచే పోతాది. బొజ్జన్న అని మా ఊరాయన ముందు ఈడ చేసేవాడు, ఆయన చెప్పినాడు.

రెండూ మేస్తాండాయి. నీళ్లు తాగుతాండాయి.

నువ్వు ఎండలో తిరగొద్దు. మజ్జిగ తాగు.

రామలింగప్ప

*

కడప,
మే 19.

తాతా,

నీ జాబు హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. "మా కుందేళ్లకు పూటకు మూడుసార్లు చెవులు తుడిచే తాత ఉన్నాడు, మీకెవరున్నారు" అని ఎగతాళి చేశాను. ఇక్కడ మాకే ఆ మర్యాద లేదు. ఫ్యాన్ తిరుగుతుందా లేదా అని తల ఎత్తి చూసుకోవాలి.

కబురు చేర్చే మధ్యవర్తి గురించి నువ్వు రాసింది సరిగ్గా అంతే. మా మేడంకు చెప్తే, "సెమినార్లో ఇదే మాట చెప్పు" అనింది.

జూన్ చివర రక్తం తీస్తారు. జూలైలో నా చేతికి వస్తుంది. రోజులు లెక్కపెడుతున్నాను.

శశికళ

*

కడప,
ఆగస్టు 11.

తాతా,

ఆలస్యంగా రాస్తున్నాను. రాయడానికి మంచి మాట ఏదీ లేకపోయింది.

సీసాలు వచ్చాయి. పరీక్ష ఎట్లా చేస్తామో చెప్తాను. గొర్రె కణాలు రెండు రకాలు తీసుకుంటాం. ఒకటి మామూలువి. ఇంకొకటి మావ్స్ లేకుండా చేసినవి. ఆ తీసెయ్యడానికే నాకు ఏడాదిన్నర పట్టింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి నీ కుందేళ్ల రక్తరసం వేస్తే, మామూలు వాటిలో ఒక నల్లగీత పడాలి. తీసేసిన వాటిలో ఏమీ పడకూడదు. అప్పుడే అది నా ప్రొటీన్ను మాత్రమే పట్టుకుంటుందని నమ్ముతారు.

గీత పడింది. రెండింటిలోనూ పడింది. పడాల్సిన చోట కాదు, ఇంకాస్త కింద. పడాల్సిన చోట ఉందా లేదా అన్నంత మసక. తొమ్మిదిసార్లు చేశాను.

మేడం మొదట నా చెయ్యి తప్పు అనుకుంది. ఆమె ముందరే చేసి చూపించాను. అదే గీత. ఇప్పుడు, "లేని కణాలు నిజంగా లేనివేనా?" అంటుంది. అంటే ఆ ఏడాదిన్నర కూడా అనుమానంలో పడింది. నవంబరు 20న కమిటీ ముందు నిలబడాలి. అప్పటికి యాంటీబాడీ పనిచేయకపోతే ఈ విషయం మానుకోమంటారు. మానుకుంటే నా చేతిలో ఏమీ లేదు.

మద్దమ్మవ్వకు చెప్పొద్దు.

శశికళ

*

కర్నూలు,
ఆగస్టు 23.

శశికళకు,

జాబు అందింది. 

కుందేళ్లది తప్పు కాదు. మంచివి. మూడోది ఇప్పుడు నా చెయ్యి వాసన చూడకుండానే తింటాది. రెండిటికీ రక్తం తీసే దినం నేను షెడ్డులోనే ఉంటి. బెదరలే.

నీ చెయ్యి గూడా తప్పు కాదు. ఆరేండ్లప్పుడే కొర్రల్లో రాళ్లు ఏరిచ్చేదానివి. ఒక్క రాయి పంటి కింద పడేది కాదు.

అన్నం తిను.

రామలింగప్ప

*

కడప,
సెప్టెంబరు 15.

తాతా,

తీసేసిన కణాలను వేరే దారిలో పరీక్షించాను. మావ్స్ నిజంగానే లేదు. మేడం ఒప్పుకుంది. సగం గండం తీరింది. ఇంకా సగం సీసాలోనే ఉంది.

సీసాల మీద చీటీలు పదిసార్లు చూశాను. తేదీ సరిగ్గానే ఉంది. "బోను 3", "బోను 4" అని నాగజ్యోతి గారి చేతిరాత. నీ షెడ్డులో మిగతా వాళ్ల కుందేళ్ల సంగతి ఎట్లుంది? వాళ్లకు బాగా వచ్చిందా? ఊరికే అడుగుతున్నాను.

ఇంకొక ఆర్డరు పెట్టడానికి టైము లేదు. పెడితే మళ్లీ నాలుగు నెలలు. నవంబరు ఇరవయ్యో తేదీకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ కూర్చుంటున్నాను. అద్దం ముందు నిలబడి "పనిచేయలేదు సార్" అనడం అలవాటు చేసుకుంటున్నాను.

శశికళ

*

కర్నూలు,
సెప్టెంబరు 25.

శశికళకు,

ఈడ రెండు వానలు పడినాయి. మోకాలు నొప్పి తగ్గింది. మా అక్క కోసిగి నుంచి జొన్నరొట్టెలు పంపింది. గట్టివి. నీళ్లలో తడిపి తింటాండా.

కుందేళ్ల సంగతి మళ్లా రాస్తా.

రామలింగప్ప

*

కర్నూలు,
అక్టోబరు 5.

శశికళా,

ఇది మూడో కాగితం. రెండు సించేసినా.

నీ జాబులో "బోను 3" అని సదివినప్పుడే నాకు అనుమానం వచ్చింది. పోయి నాగజ్యోతిని అడిగినా. పాపా, ఏది ఏ కుందేలో నీకు ఎట్ల తెలుస్తాది అని.

"బోను మీద అట్ట ఉండాది గదా పెద్దాయనా. అంకె చూసి సూది వేస్తా. అంకె చూసి రక్తం తీస్తా" అనింది.

మొగం చూసి గాదా అని అడిగినా.

"కుందేలుకు మొగం ఏంది?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలే.

మే నెలలో నీ రెండిటినీ పై బోన్ల నుంచి తీసి కింద పదమూడు, పద్నాలుగులో వేసినా. ఆడ ఉండేటివి రెండూ గట్టి జీవాలు. వాటిని తెచ్చి మూడు, నాలుగులో వేసినా. అట్టలు యాడివి ఆడనే ఉండె. వాటిని ముట్టలే. అట్ట అనేది బోనుకు పెట్టిన గుర్తు అనుకున్నా, ఊర్లో ఇంటి నంబరు మాదిరి. గొర్రెను ఈ దొడ్డి నుంచి ఆ దొడ్డికి తోలితే గొర్రె మారతాదా. కాపరికి తెలుస్తాది గదా. సూదులు వేసే పాపకు నాకన్నా బాగా తెలిసుంటాదనుకున్నా. సదువుకునింది గదా.

చెవుల మీద అంకె ఉండాల. తడిగుడ్డతో తుడిచి తుడిచి దాన్ని గూడా నేనే పోగొట్టినా.

అప్పటికి నీ మందు వాటికి మూడు సూదులు పడినాయి. తర్వాత రెండు సూదులు, రక్తం, అన్నీ అట్ట చూసి. నీకు వచ్చింది వేరేవాళ్ల కుందేళ్ల రక్తం. నీది వాళ్లకు పోయింది.

ఇంగొక మాట రాయాల. సెగ పై వరుసలో పదింటికీ కొట్టె. నేను దించింది నీవి రెండే. నీవి గాబట్టి. మిగతావి ఎండలోనే ఉండె. ఆ పక్షపాతమే నీ మెడకు సుట్టుకునింది.

మొన్న జాబులో ఇది రాయాల్సింది. రొట్టెల సంగతి రాసినా. పది దినాలు దాసినా. పనిలో నుంచి తీసేస్తారని భయం గాదు. నువ్వు ఇంగ నాకు రాయవని.

రామలింగప్ప

*

కడప,
అక్టోబరు 9.

తాతా,

నీ జాబు చదివి కుర్చీలోంచి లేచి బయటికి పోయి, మళ్లీ వచ్చి చదివాను. కోపంతో అనుకోకు. మూడు నెలలుగా నా చెయ్యి మీద, నా కణాల మీద, నా చదువు మీద అనుమానపడుతున్నాను. ఒకే జాబుతో మూడూ కడిగినట్టయింది. అప్పుడు ఏడ్చాను. నువ్వు దిగులు పడే ఏడుపు కాదు అది.

పెట్టె తీసి నీ మే నెల జాబు చూశాను. "కింద వరుసలో సల్లగుండే సోట పెట్టినా" అని రాసే ఉన్నావు. "చెవులు తుడుస్తాండా" అని కూడా. దాచింది ఏముంది? నువ్వు రాశావు, నేను హాస్టలంతటికీ చదివి వినిపించి నవ్వుకున్నాను. ఇన్నేళ్లు చదివినదాన్ని, బోను మారిస్తే అట్ట మార్చావా అని ఒక్క మాట అడగలేదు. నీకు అట్ట అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసి కూడా అడగలేదు. కాబట్టి ఈ తప్పులో నాకు నీకన్నా పెద్ద వాటా.

ఇప్పుడు విను. నువ్వు చెప్పింది నిజమైతే నా యాంటీబాడీ పోలేదు. పదమూడు, పద్నాలుగు అని చీటీ ఉన్న సీసాల్లో ఉంది. దాంట్లో వేరేవాళ్లది కూడా కలిసి ఉంటుంది, చివరి రెండు సూదులు వాళ్లవి కాబట్టి. దానికి దారి ఉంది. నా ప్రొటీన్ ముక్కను సన్న పూసలకు అతికించి, వాటి మీదుగా ఆ రక్తరసం పోనిస్తే నాది మాత్రం పూసలకు పట్టుకొని నిలుస్తుంది. మిగతాది కారిపోతుంది. తర్వాత నాది విడిపించుకుంటాను.

మేడం మీ సారుకు ఈరోజే రాస్తుంది. కానీ ఆయన నమ్మాలంటే నువ్వు చెప్పాలి. నోరు తెరిచి చెప్పాలి, తాతా. ఈ ఒక్కసారి. కమిటీకి నలభై రెండు రోజులుంది.

నేను రాయకుండా ఎట్లుంటాను?

శశికళ

*

కర్నూలు,
అక్టోబరు 17.

శశికళకు,

మొదట నోరు తెరవలే. నీకు రాసినట్టే సారుకు గూడా ఒక కాగితం రాసుకొని పోయినా.

"ఏమప్పా రామలింగప్పా, సెలవు కావాల్నా?" అన్నాడు. కాగితం ఇచ్చి నిలబడినా. సదివినాడు. మళ్లా మొదటి నుంచి సదివినాడు.

"బోను మార్చినోనివి అట్ట ఎందుకు మార్చలేదప్పా?"

"అట్ట బోనుది సార్. కుందేలుది అనుకోలే."

ఆయన తల పట్టుకున్నాడు. నాగజ్యోతిని పిలిచినాడు. ఆ పాప మంచిది. "పెద్దాయనదొకటే తప్పు గాదు సార్. చెవి మీద అంకె కనపడకపోయినా నేను అట్ట చూసి సూది వేసినా. అప్పుడే అడగాల్సింది" అనింది. 

సారు నమ్మలే. "ఇవి గొర్రెలు గాదప్పా మచ్చలు చూసి చెప్పేదానికి. ఒకే తల్లికి పుట్టినట్టుంటాయి. ఐదు నెలల కిందట ఏది యాడ ఉండెనో నీకెట్ల తెలుస్తాది?" అన్నాడు.

పది కుందేళ్లను గోనెపట్టా మీదికి తెచ్చిరి. నన్ను గోడవతలికి పంపిరి. నాగజ్యోతి ఒక్కోదాని కడుపు కింద రంగు పెట్టి, ఏది ఇప్పుడు ఏ బోనుదో రాసుకునింది. కలిపేసి నన్ను పిలిచిరి. ఒక్కోదాన్నీ చూసి చెప్పినా. కడుపు తిప్పి చూసిరి. పదీ సరిపోయె. మళ్లా కలిపిరి. మళ్లా పదీ సరిపోయె.

"అన్నీ తెల్లవే గదప్పా" అన్నాడు సారు.

"ఆఫీసులో మీరు ఐదు మందీ తెల్లకోట్లే వేసుకుంటారు సార్. అయినా ఎవరు మీరో నాకు తెలుస్తాది" అంటి.

నాగజ్యోతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది. సారు గూడా నవ్వినాడు. ఆయన ముందర నేను ఇన్ని మాటలు మాట్లాడింది ఇదే మొదలు. నాకే నమ్మకం కాలే.

తర్వాత చెప్పినాడు. పదమూడు, పద్నాలుగు ఎవరివో ఆ గిరాకీవాళ్లు గూడా జూలైలో ఫోన్ చేసిరంట, వాళ్లకు తేడా వచ్చిందని. వీళ్లే నమ్మలేదంట. ఇప్పుడు వాళ్లకు నిజం చెప్పి, క్షమించమని అడిగి, సీసాలు అటూ ఇటూ మారుస్తామన్నాడు. వాళ్లు ఒప్పుకుండారు. నీది మంగళవారం ఐసు డబ్బాలో బయలుదేరతాది.

నన్ను పనిలో ఉంచిరి. ఇంగమీద కుందేళ్ల చెవులకు చెరగని పచ్చబొట్టు పొడుస్తారంట. ఏ జీవాన్ని కదిలించినా పుస్తకంలో రాయాలంట. రాస్తా. రాసేది నాకు చేతనయితాది.

రామలింగప్ప

*

కడప,
నవంబరు 21.

తాతా,

నీకు పది రోజుల కిందటే రాయాలనుకున్నాను. కమిటీ అయ్యేదాకా నా నోటితో మంచి మాట అనకూడదని మొండిపట్టు పట్టాను. క్షమించు.

సీసాలు వచ్చిన రోజే పని మొదలుపెట్టాను. పూసల మీద రెండు రోజులు పట్టింది. నాలుగో కుందేలుది అంతంత మాత్రం, పెద్దగా ఏమీ నిలవలేదు. మూడో దానిది నిలిచింది. చిన్న సీసాకు సగం. ఎక్కువ కాదు, కానీ చుక్కలు చుక్కలుగా వాడేది కాబట్టి నా చదువు అయిపోయినాక కూడా మిగులుతుంది.

పరీక్ష చేసిన రోజు మేడం నా వెనకాలే నిలబడింది. ఫోటో తెర మీదికి వచ్చింది. మేడం బయటికి పోయి రెండు టీలు తెచ్చి ఒకటి నా ముందర పెట్టింది. నాలుగేళ్లలో ఆమె టీ తేవడం చూడలేదు. మళ్లీ రెండుసార్లు చేశాను. మూడుసార్లూ ఒకటే.

నిన్న కమిటీ. ఒక పెద్దాయన, "మొదటి సీసాలు ఎందుకు పనిచేయలేదు?" అని అడిగాడు. బోన్లు మారాయని, అది ఎట్లా బయటపడిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పది కుందేళ్లను రెండుసార్లు గుర్తుపట్టిన సంగతి కూడా. ఆయన కళ్లద్దాలు తీసి, "ఆ మనిషి చెప్పకపోయి ఉంటే?" అన్నాడు. "నేను ఇక్కడ వేరే మాట చెప్తూ ఉండేదాన్ని సార్" అన్నాను. ముందుకు సాగమని రాసి సంతకాలు పెట్టారు. ఏప్రిల్‌కల్లా థీసిస్ పుస్తకం ఇచ్చేయొచ్చు అన్నారు.

రాత్రి పన్నెండు గంటలు నిద్రపోయాను, తాతా. హాస్టల్ వాళ్లు తలుపు కొట్టి ఊపిరి ఉందా లేదా అని చూశారు.

ఫోటో ఇందులో పెడుతున్నాను. ఎడమ పక్కవి మామూలు కణాలు. కుడి పక్కవి మావ్స్ తీసేసినవి.

నీ మనవరాలు,
శశికళ

*

కర్నూలు,
నవంబరు 28.

శశికళకు,

జాబు, ఫోటో అందినాయి. నాగజ్యోతికి చూపించినా. సారుకు చూపించినా. మూడో కుందేలు ముందర గూడా పెట్టినా, అది కొస కొరకబోయె. తీసేసుకున్నా.

ఎడమ పక్క నల్లగీత ఉండాది. చక్కగా ఒకటే గీత. కుడి పక్క ఏమీ లేదు.

సారు గీతనే చూసినాడు. నేను కుడి పక్కనే శానాసేపు చూసినా. వెలుతుర్లోకి పట్టుకొని చూసినా. ఏమీ లేదు.

రామలింగప్ప